తాళాలు తీయండి, జనం వస్తారు

సంపాదకులకు,

పాత రాజుగారి తోటకు, అందులోని మ్యూజియానికి సందర్శకులు తగ్గిపోతున్నారనీ, ఈ కాలం పిల్లలకు చరిత్ర అంటే ఆసక్తి లేదనీ అధికారులు చెప్పినట్టు పోయిన వారం మీ పత్రికలో చదివాను. అప్పటినుంచీ ఆ మాట మింగుడుపడటం లేదు. తప్పంతా పిల్లల మీదకు నెట్టేసే ముందు, ఆ అధికారులు ఒకసారి టికెట్ కొనుక్కుని లోపలంతా తిరిగి చూడాలి.

సగం గదులకు తాళాలు. అడిగితే మరమ్మతులంటారు. ఏం మరమ్మతులు, ఎప్పటికి అవుతాయంటే జవాబు ఉండదు. తెరిచిన గదుల్లో అద్దాల బీరువాలకు 'రాజుగారి కత్తి', 'రాణిగారి పట్టువస్త్రం' అని చీటీలు అంటించారు. ఏ కాలానిది, ఎవరు చేశారు, ఎక్కడిది అన్న ముక్క ఒక్కటీ లేదు. పైగా ఆ పట్టువస్త్రం మీద మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతోంది. పాత బట్టల మీద, వెలుతురు కొలతలో సుమారు 50 లక్స్‌కు మించి వెలుతురు పడనివ్వకూడదన్నది మ్యూజియాలు నడిపేవాళ్లందరికీ తెలిసిన లెక్క. ఒకసారి వెలిసిన రంగు మళ్లీ రాదు. కిటికీకి ఒక తెర కట్టించడానికి ఎవరి అనుమతి కావాలి?

తోటలో ఇంకా అన్యాయం. పచ్చికలో కూర్చున్న ముసలివాళ్లను ఈల వేసి లేపుతారు. అదే పచ్చికలో ప్రైవేటు ఫంక్షన్లకు గుంజలు పాతనిస్తారు. మర్నాడు చూస్తే చెట్ల మొదళ్ల నిండా ప్లాస్టిక్ గ్లాసులే.

పిల్లలకు సింహాసనం చూడటానికి ఒక నిమిషం చాలు. ఆ తర్వాత వాళ్లు అడిగేవి వేరు: ఇంతమందికి వంట ఎక్కడ చేసేవారు, నీళ్లు ఎలా తెచ్చేవారు, పనివాళ్లు ఎక్కడ పడుకునేవారు? ఇంగ్లండ్‌లోని హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌ను విక్టోరియా రాణి 1838లోనే జనానికి తెరిచింది. అక్కడ ఎనిమిదో హెన్రీ రాజు నాటి వంటశాలలు ఇప్పటికీ చూపిస్తారు, కొన్ని రోజుల్లో ఆనాటి పద్ధతిలో వండుతారు కూడా. 1768లో నాటిన ద్రాక్షతీగ ఇంకా కాస్తోంది, ఆ పళ్లు సందర్శకులకే అమ్ముతారు. ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో పద్నాలుగో లూయీ రాజు కోసం వేసిన కూరగాయల తోటలో నేటికీ కూరగాయలు పండిస్తున్నారు. మన వంటశాలలో మాత్రం విరిగిన కుర్చీలు పడేసి తాళం వేశారు. తోటకు నీళ్లు పారిన కాలువలు పూడిపోయాయి.

ఏ ప్రభుత్వ ఆస్తి చూసినా ఇదే వరస. కొత్త అధికారి వచ్చినప్పుడల్లా ఒక రంగుల ఫౌంటెన్, ఒక సెల్ఫీ పాయింట్, వాటికో శిలాఫలకం. పైకప్పు మరమ్మతుకు ప్రారంభోత్సవం ఉండదు కాబట్టి అది ఎవరికీ పట్టదు. ఏళ్ల తరబడి కారుతూనే ఉంది. ఉన్న ఇద్దరు ముగ్గురు తోటమాలీలు రిటైరైతే ఆ ఖాళీలు నింపే నాథుడు లేడు.

ఏ గది ఎందుకు మూశారో, ఎప్పుడు తెరుస్తారో గేటు దగ్గర రాసి పెట్టాలి. ఫంక్షన్ల అద్దె ఎంత వచ్చింది, అందులో తోటకు ఎంత ఖర్చు పెట్టారో బయటపెట్టాలి. అధికారుల మాట ప్రచురించారు కదా, ఈ లెక్కలు కూడా మీ విలేకరి అడిగి ప్రచురించాలని కోరుతున్నాను.

- ఒక పాఠకుడు