హో వర్షారణ్యంలో ఆదుకున్న అమ్మగారికి కృతజ్ఞతలు

గత అక్టోబరులో నేనూ నా స్నేహితురాలూ సియాటిల్ నుంచి కారులో బయలుదేరి, 101వ నంబరు రహదారి మీదుగా ఒలింపిక్ నేషనల్ పార్కును చుట్టి వస్తూ, రెండో రాత్రి ఆ పార్కులోనే ఉన్న హో అనే వర్షారణ్యంలో గుడారం వేసుకున్నాము. ఏటా 3 మీటర్లకు పైగా వాన కురిసే చోటు అది. అర్ధరాత్రి గుడారంలోకి నీరు చేరి, స్లీపింగ్ బ్యాగులు తడిసి మేము వణుకుతుండగా, పక్కనే బస చేసిన మీరు మా మాటలు విని, తలకు టార్చిలైటు కట్టుకుని వచ్చి "ఏమ్మా, తడిసిపోయారా?" అని తెలుగులో పలకరించారు. ఆ అడవిలో ఆ పిలుపు వినగానే మాకు సగం ధైర్యం వచ్చింది.

గుడారం కింద పరచిన పట్టా అంచులు బయటికి వచ్చి, పైనుంచి జారే నీటిని దోసిలిలా పట్టి మా కిందికే చేరుస్తున్నాయని చూపించి, వాటిని మీరే లోపలికి మడిచారు. ఆపై మీ సొంత టార్పాలిన్‌ను, నీరు ఒకే వైపుకు జారిపోయేలా, కడ్డీల మీద ఏటవాలుగా నిలిపారు. (కల్లంలో ధాన్యం రాశి మీద పట్టా కప్పేటప్పుడు మా నాన్నగారు కూడా ఇలాగే వాలు చూసేవారు.) మీ ఫ్లాస్కులోని వేడి టీ కూడా మాకే ఇచ్చేశారు.

తెల్లవారేసరికి మీ కారు లేదు, టార్పాలిన్ మాత్రం మా మీద అలాగే ఉంది. మీ పేరైనా అడగలేకపోయినందుకు మన్నించండి. మేమిద్దరం మీకు మనసారా నమస్కరిస్తున్నాము. మీ టార్పాలిన్‌ను ఆరబెట్టి, మడిచి, మీకోసం భద్రంగా ఉంచాము.