గ్రూపు పాస్‌వర్డు తీసేసి, పేరుతో సభ్యత్వం ఇవ్వాలి

సంపాదకులు గారికి,

కోనసీమలోని ఒక సహకార సంఘంలో కొన్నేళ్లు కంప్యూటర్ల బాధ్యత చూసినవాడిగా ఈ లేఖ రాస్తున్నాను. లైనక్స్ (ఒక ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్ మీద పలువురు పనిచేసే కార్యాలయాల్లో, ఒక్కో విభాగానికి ఒక యూజర్ గ్రూపు, అంటే ఆ విభాగపు ఫైళ్లు వాడుకోగలవారి జాబితా, ఏర్పరచి, ఆ గ్రూపుకే పాస్‌వర్డు పెట్టి, అడిగినవారికల్లా దాన్ని చెప్పేసే అలవాటు ఉంది.

మా రుణాల గ్రూపుకూ అలాగే పెట్టారు. సార్వా ధాన్యం కొనుగోళ్ల రద్దీలో తాత్కాలికంగా తీసుకున్న కుర్రాళ్లకూ అదే చెప్పారు. మరచిపోకుండా గోడ క్యాలెండరు అంచున పెన్సిలుతో రాసి కూడా పెట్టారు. దాళ్వా నాటికి వారు ఎరువుల విభాగానికి మారినా పాస్‌వర్డు మారలేదు. ఒకరోజు ఒక కౌలు రైతు, తాను కట్టిన వాయిదా లెక్కలో లేదని తెలిసి, నాలుగు మడతలు పెట్టిన రసీదును కౌంటరు మీద విప్పి చూపించారు. ఆ ఫైలు ఏ రోజు, ఎన్ని గంటలకు మారిందో కనిపించింది గానీ, మార్చిందెవరో తేల్చలేకపోయాం. ఆయన రసీదు దాచుకోబట్టి సరిపోయింది.

గ్రూపులో పేరున్న సభ్యుణ్ణి, ఒక గ్రూపు హక్కుల్లోకి మారడానికి వాడే 'న్యూగ్రూప్' (newgrp) ఆదేశం పాస్‌వర్డు అడగదు. సభ్యులు కానివారినే అడుగుతుంది. పాస్‌వర్డే లేకపోతే వారికి ప్రవేశమే ఉండదు. అంటే దాన్ని పెట్టి మనమే బయటివారికి దొడ్డిదారి తెరుస్తున్నాం. ఒకరికి మించి తెలిసే పాస్‌వర్డు స్వతహాగానే భద్రతకు లోపమని, గ్రూపులను నిర్వహించే 'జీపాస్‌డబ్ల్యూడీ' (gpasswd) ఆదేశపు సహాయ పత్రమే హెచ్చరిస్తుంది.

ఈ 'జీపాస్‌డబ్ల్యూడీ' ఆదేశానికి చిన్న 'ఆర్' (-r) చేర్చితే గ్రూపు పాస్‌వర్డు తొలగిపోతుంది. చిన్న 'ఏ' (-a)తో ఒక్కొక్కరిని పేరుతో చేర్చవచ్చు, చిన్న 'డీ' (-d)తో పని ముగిసినవారిని తీసేయవచ్చు. అయితే అప్పటికే లాగిన్ అయి ఉన్నవారు బయటికి వచ్చి మళ్లీ ప్రవేశిస్తేనే మార్పు వర్తిస్తుంది. పెద్ద 'ఏ' (-A)తో విభాగ అధికారినే గ్రూపు నిర్వాహకుడిగా నియమిస్తే, పట్నం నుంచి ఎప్పుడో వచ్చే టెక్నీషియన్ కోసం ఎదురుచూడనక్కరలేదు. సభ్యుల్లో ఎవరు ఏ అంకె మార్చారో తెలియాలంటే ఆడిట్ నమోదు (ఎవరు ఎప్పుడు ఏం చేశారో రాసిపెట్టే చిట్టా) వేరుగా ఉండాల్సిందే. కానీ ఫైలు ముట్టుకోగలవారెవరో కనీసం జాబితాలో ఉంటుంది.

వచ్చే కొనుగోళ్ల సీజను మొదలయ్యేలోగా, కొత్తవారికి లాగిన్‌లు ఇవ్వకముందే, సంఘాల కార్యదర్శులు తమ సర్వర్‌లోని గ్రూపులన్నింటినీ ఒకసారి తనిఖీ చేయించాలని కోరుతున్నాను.

— ఒక పూర్వ ఉద్యోగి, కోనసీమ