కరక్కాయ గుడ్డలు బెర్లిన్ చేరినాయి, అందరికీ దండాలు

బైరాగిపట్టెడలో మా ఇంటి మిద్దె మీద కూర్చోని టైప్ చేస్తా ఉండా. ఈ మాట మార్చిలోనే రాయాల్సింది, ముందు ఎగ్జిబిషన్ పని, తర్వాత జర్మనీలో ఉండేదానికి పర్మిట్ పని, అట్టట్టా జూన్ వచ్చేసింది. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పినా గానీ నలుగురికీ తెలిసేట్టు చెప్పకపోతే నా మనసు ఒప్పుకోవడం లేదు.

తెలియనోళ్ళకి చెప్తా, నేను పెయింటర్ని. అలిపిరి దగ్గర టీటీడీ శిల్పకళాశాలలో కలంకారీ నేర్చుకోని, తర్వాత నాలుగేండ్లు రోజూ తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి బస్సులో పోయి గురువుగారింట్లో పని చేసి, 2019లో బెర్లిన్ పోయినా. మన పాత గుడ్డల్లో రామాయణం గీసి బొమ్మల కింద తెలుగులో కథ రాస్తారు కదా, నేను అదే పద్ధతిలో అక్కడి మనుషుల్ని గీస్తా. కాలవ గట్టున మంగళ, శుక్రవారాల్లో జరిగే టర్కీ సంత, మెట్రోలో నిద్రపోయే నైట్ షిఫ్ట్ వాళ్ళు, బొమ్మ కింద తెలుగులో నాలుగు ముక్కలు. మొదట్లో అందరూ బ్లాక్ ప్రింటా అని అడిగేవాళ్ళు. అచ్చు మచిలీపట్నం వైపుది, మాది వెదురు కలంతో చేత్తో గీసేది అని ఎన్నిసార్లు చెప్పినానో లెక్కలేదు.

జనవరి ఆఖర్లో మా బిల్డింగ్‌లో పైపు పగిలి కింద సెల్లార్లో పెట్టుకున్న తొమ్మిది గుడ్డలు తడిసిపోయినాయి. నలుపు గీతలు నిలిచినాయి, తుప్పు ఇనుము బెల్లం నీళ్ళలో ఊరబెట్టి చేసే ఆ నలుపు కరక్కాయ పట్టిన గుడ్డకి పడితే పోదు. కానీ ఎరుపు రావాల్సిన చోట పటిక పెట్టి ఇంకా మంజిష్ఠ వేర్ల రంగునీళ్ళలో ఉడకబెట్టలేదు, ఆ పటిక అంతా పాకిపోయింది, ఇంక ఉడకబెడితే మొహం చెయ్యి తేడా లేకుండా ఎర్రగా అయిపోతాది. ఎగ్జిబిషన్‌కి ఏడు వారాలు. ఆ గ్యాలరీ వాళ్ళ కాగితమే నా పర్మిట్ రెన్యూవల్‌కి ముఖ్యం, ఎందుకంటే అక్కడ ఫ్రీలాన్స్‌గా ఉండాలంటే పని ఉండాది, ఆదాయం వస్తాది అని చూపించాల. గుడ్డ అక్కడే తయారు చేసుకుందామంటే కరక్కాయతో పాటు గుడ్డకి పట్టించే గేదె పాలు నాకు యాడా దొరకలేదు, ఆ వెన్న లేకపోతే రంగు గీత దాటి పాకుతాది, పైగా ఆ చలికాలం సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంటే గుడ్డ ఎండేది ఎట్ట.

ఆ రాత్రి పది గంటలకి ఏడుస్తా గురువుగారి కోడలు వదినకి వాయిస్ మెసేజ్ పెట్టినా, ఇక్కడ రెండున్నర. ఐదుకి లేచి విని వదిన పంపిన రిప్లై ఒక్కటే, "ఎన్ని మీటర్లు కావాలో చెప్పు పాపా". అంతే. గురువుగారికి మోకాళ్ళ నొప్పి, ఆయన 1957లో కమలాదేవి చటోపాధ్యాయ్ గారి చొరవతో శ్రీకాళహస్తిలో ట్రైనింగ్ సెంటర్ పెట్టినప్పుడు నేర్చుకున్నోళ్ళ కొడుకు, ఈ వయసులో స్వర్ణముఖి దగ్గర ఎండలో నిలబడి ఆరేసిన గుడ్డలు తానే తిప్పినాడంట. గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ, పాలు పట్టించి, ఎండబెట్టి, నాలుగు రోజుల్లో రెండేసి మీటర్ల గుడ్డలు పన్నెండు. పాలు పోసే ఆయన డబ్బులు తీసుకోలేదంట. అన్నా, నీ పేరు కూడా నాకు తెలీదు, నీకు దండం.

అక్కడి నుంచి చెన్నై ఎయిర్‌పోర్ట్ దాకా మా నాయన ఫ్రెండు ఆటో మామ బస్సులో కూర్చోని ఒళ్ళో పెట్టుకోని తీసుకుపోయినాడు. మూట ఆరు కిలోలు. చెన్నై నుంచి జర్మనీకి మోసిన పిల్లోడిది చిత్తూరు, మాగ్డెబర్గ్‌లో చదువుకుంటా ఉండాడు, నాకు ముందు పరిచయం కూడా లేదు, వదిన వాళ్ళ చుట్టాలబ్బాయి. వాడి పెట్టె అప్పటికే ఇరవై మూడు కిలోలు నిండిపోయి ఉంటే వాళ్ళమ్మ కట్టిచ్చిన రాగిపిండి, కొత్త చింతకాయ తొక్కు తీసేసి నా గుడ్డలు పెట్టుకున్నాడు. ఈ సంగతి వాడు నాకు చెప్పనే లేదు, మొన్న ఆటో మామ చెప్తే తెలిసింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా రైలెక్కి బెర్లిన్ తెచ్చిచ్చినాడు. తమ్ముడూ, నాకు తెలిసుంటే ఆ రోజు నిన్ను ఉత్త టీ తాపించి పంపించేదాన్ని కాదు.

బెర్లిన్‌లో పుత్తూరు అక్క. నేను పోయిన కొత్తలో అడ్రస్ రిజిస్టర్ చేసుకునేదానికి ఇల్లు లేకపోతే, ఆ కాగితం లేకపోతే అక్కడ ఏ పనీ జరగదు కదా, తన ఇంటి అడ్రస్ ఇచ్చి ఆరు నెలలు పెట్టుకునింది. ఇప్పుడు కూడా గుడ్డలు ఉడకబెట్టేదానికి తన వంటిల్లు ఇచ్చేసి, మంజిష్ఠ వాసన, ఆవిరి, అన్నీ భరించింది, వాళ్ళ పిల్లలు వారం రోజులు బయటి తిండే తిన్నారు. అక్కడి నీళ్ళలో సున్నం ఎక్కువ, కెటిల్ అడుగున తెల్లగా పేరుకుంటాది, కానీ మంజిష్ఠ ఎరుపు ఆ నీళ్ళలో బాగా తేరింది. గురువుగారికి ఫోటో పెడితే ఈ ఎరుపు ఎట్ట తెచ్చినావు అని అడిగినాడు. ఆ రోజు నేను నిద్రపోలేదు సంతోషానికి.

కాగితాలన్నీ చదివి పెట్టిన ఐటీ అన్నకి కూడా దండం. కేఎస్‌కే అనే ఆర్టిస్టుల ఇన్సూరెన్స్ గురించి మొదట చెప్పింది ఆయనే. 1983 నుంచి ఉండే ఏర్పాటు అది, ఉద్యోగస్తులకి కంపెనీ కట్టినట్టు మన హెల్త్, పెన్షన్ వాటాలో సగం వాళ్ళు చూసుకుంటారు, అది లేకపోతే రెండో ఏడే నేను తిరిగొచ్చేసుండేదాన్ని. మన వైపు పిల్లలెవరైనా బొమ్మలేసుకోని బతుకుదామని జర్మనీ పోతే ముందు దాన్ని కనుక్కోండి, నన్ను అడగండి, ఫారం నేను కూర్చోని నింపిస్తా.

ఎగ్జిబిషన్ జరిగింది. ఏడు గుడ్డలు అమ్ముడుపోయినాయి, పర్మిట్ వచ్చింది.

ఆదివారం శ్రీకాళహస్తి వస్తా, వదినా, పాలన్నని ఆ పూట ఇంటికి పిలిచి పెట్టు. సోమవారం చిత్తూరు, తమ్ముడూ, మీ ఇంటికి. మీ అమ్మతో మాట్లాడేసినా, రాగిపిండి, తొక్కు డబ్బా మళ్ళా కట్టిస్తా ఉంది. ఈసారి నా పెట్టెలో తెచ్చి మాగ్డెబర్గ్‌లో నీ రూమ్ దగ్గరికే వచ్చి ఇస్తా.