2025-26 వార్షిక నివేదిక: కార్యదర్శి మాట

మన బెంగళూరు తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలని మన నియమావళిలో ఉంది, అందుకే చదువుతున్నాను. ఆ నియమం లేకపోయినా చదివేదాన్నే, ఈ ఏడాది పని ఎవరు చేశారో కాగితం మీద ఉండాలి కదా. ఉగాది పచ్చడి, కార్తీక వనభోజనాలు, సంక్రాంతి ముగ్గులు, పిల్లల ఆదివారం తెలుగు తరగతి, అన్నీ ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు గ్రూపులో చూసే ఉంటారు, మళ్ళీ రాయను.

గర్వంగా చెప్పుకోవాల్సింది జూలైలో పెట్టిన ఆరోగ్య సదస్సు. దానికి కారణం కూడా మన వాట్సాప్ గ్రూపే. బెంగళూరులో ముసురు పట్టగానే డెంగీ వస్తుంది, డెంగీతో పాటే బొప్పాయి ఆకు రసం తాగితే ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) పెరుగుతాయనే ఫార్వర్డులు వస్తాయి. 2024లో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధిగా ప్రకటించినప్పుడు కూడా మన గ్రూపులో నడిచింది ఆకు రసం కొలతల చర్చే. అందుకని ఈసారి గుమ్మం దగ్గర ఒక డబ్బా పెట్టాం. ఇంట్లో విన్నదైనా ఫోన్లో వచ్చినదైనా చీటీ మీద రాసి వేయండి, పేరు అక్కర్లేదు, మన సభ్యులే అయిన ఇద్దరు డాక్టర్లు వేదిక మీద తీసి జవాబు చెప్తారు అన్నాం. డబ్బా నిండిపోయి చీటీలు పైనుంచి జారిపడ్డాయి.

డెంగీ మీదే ఎక్కువ వచ్చాయి. ప్లేట్‌లెట్లు చాలామందికి జబ్బు తగ్గే దశలో వాటంతటవే పెరుగుతాయి, ఆ పేరు ఆకు రసానికి పోతుంది అన్నారు ఫిజీషియన్ గారు. జ్వరం దిగగానే గండం గడిచిందని మనం ఊపిరి పీల్చుకుంటాం, కానీ దిగాక ఒకటి రెండు రోజులే అసలు ప్రమాదమట. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మనిషి మగతగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. జ్వరానికి పారాసిటమాల్ చాలు, ఒళ్ళు నొప్పులని ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ సొంతంగా వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఇంకో సంగతి, డెంగీ దోమ మురుగు కాలువలో కాదు, మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది. ట్యాంకరు వస్తుందో రాదో అనే టెన్షన్‌తో మనం మూత లేకుండా నింపి పెట్టుకునే డ్రమ్ములే దానికి పురిటిల్లు. వారానికోసారి ఖాళీ చేసి గోడలు రుద్దాలి, ఊరికే నీళ్ళు మారిస్తే గుడ్లు అక్కడే అతుక్కుని ఉంటాయి.

తర్వాత కుక్క కాటు. మన వీధుల సంగతి తెలిసిందే. కారం అద్దాలని, సున్నం రాయాలని, పసుపు పెట్టాలని చీటీలు. ఏదీ వద్దు, సబ్బుతో పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకాకి వెళ్ళాలి, కుక్క పది రోజులు బతుకుతుందేమో చూశాక వెళ్దామని ఆగకూడదు. రక్తం వస్తే టీకాతో పాటు గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ వైరస్‌ని అక్కడికక్కడే అడ్డుకునే మందు) కూడా వేయాలి. ఒక పెద్దాయన లేచి, బొడ్డు చుట్టూ పధ్నాలుగు ఇంజక్షన్లు ఎవడు పొడిపించుకుంటాడండీ అన్నారు. అది గొర్రె మెదడుతో చేసిన పాత టీకా, మన దేశంలో దాని తయారీ 2004తోనే ఆగిపోయింది, ఇప్పుడు చేతికే వేస్తారు అని చెబితే ఆయన ముఖం చూడాలి! ఇరవై ఏళ్ళ భయం ఊరికే మోశారు.

కామెర్ల దగ్గర మాత్రం హాలు వేడెక్కింది. అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక సభ్యుడు తమ్ముడికి పసరు మందుతోనే తగ్గిందని గట్టిగా నిలబడ్డారు. డాక్టరుగారు వాదించలేదు. కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ అనే కాలేయ జబ్బు చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది, కానీ పిత్తనాళంలో రాయి అడ్డుపడినా పచ్చబడతారు, హెపటైటిస్ బి ఉన్నా పచ్చబడతారు, గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే ప్రాణం మీదికి రావచ్చు, ఏదో తేలకుండా పసరు పోస్తే ఎలా అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. కాకపోతే ముందు రక్తపరీక్ష చేయించాకే పసరు అన్నారు, నాకు అంతే చాలు.

అన్నిటినీ కొట్టిపారేశారనుకోవద్దు. విరేచనాలకు ఉప్పు వేసిన గంజి మంచిదే అన్నారు పిల్లల డాక్టరమ్మ. దగ్గుకి తేనె పర్లేదు, ఏడాది లోపు పిల్లలకి మాత్రం నాకించకూడదు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దు అంటే అమ్మమ్మలు వస సంగతి అడిగారు, అదీ వద్దన్నారు. ఓఆర్ఎస్ అని రాసి అమ్మే తీపి డ్రింకుల గురించి ఆమె అప్పుడే హెచ్చరించారు. అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాటి మీద ఉండకూడదని ఆదేశించింది, దాని వెనుక హైదరాబాదు పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారి ఏళ్ళ పోరాటం ఉంది.

ఇంత జరిగాక మర్నాడు పొద్దున్నే, భోజనం ముందే వెళ్ళిపోయిన ఒక సభ్యుడు గ్రూపులో ఏం పెట్టారో తెలుసా? గుండెపోటు వస్తే గట్టిగా దగ్గితే బతుకుతారని! ఆయనా, సూదితో వేళ్ళు పొడిస్తే పక్షవాతం ఆగుతుందని పెట్టిన ఇంకొకరూ ఈ సమావేశానికి వచ్చే ఉంటారు. రక్తం గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి దాన్ని కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలండీ, సూది వెతికే టైము లేదు.

డాక్టర్లిద్దరూ రూపాయి తీసుకోలేదు. హాలు తక్కువకి ఇప్పించినవారికి, మజ్జిగ పోయించినవారికి, చీటీలు సర్దిన ఇంటర్ పిల్లలకి, చివరిదాకా ఉండి కుర్చీలు మడిచిన ఆడవాళ్ళకి మన సంఘం రుణపడి ఉంది, పేర్లు వేదిక మీద చదువుతాను. వలంటీర్లుగా పేరిచ్చి ఆ రోజు ఫోను కూడా ఎత్తనివారి పేర్లు చదవను, వాళ్ళకి తెలుసు. దోమల మందు కొట్టించమని ఇచ్చిన అర్జీకి సంబంధిత ఆఫీసు నుంచి రసీదు వచ్చింది, మందు రాలేదు. రెండోసారి వెళ్తే ఆ అర్జీ ఏ టేబుల్ మీదుందో చూస్తామన్నారు.

లెక్కలు ఆడిట్ అయ్యాయి, కాపీలు కోశాధికారి దగ్గర ఉన్నాయి. చందా బకాయి ఉన్నవాళ్ళు వెళ్ళేలోపు కట్టండి.

వచ్చే ఏడాది బీపీ, షుగరు మాత్రలు మధ్యలో మానేయడం మీద ఇలాంటిదే పెట్టాలని కార్యవర్గం అనుకుంది. దానికి మనుషులు కావాలి. గుమ్మం దగ్గర కాగితం ఉంది, నిజంగా వచ్చేవాళ్ళే సంతకం పెట్టండి. ఎన్నిక అయ్యాక భోజనాలు.

కార్యదర్శి