బూడిద లారీల మీద కనీసం టార్పాలిన్ కప్పించండి: పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారములు.

రామగుండం బూడిద లారీల గురించి మేము సమర్పించిన వినతిపత్రాలన్నీ ‘తగు చర్య నిమిత్తం’ ఒక కార్యాలయం నుండి మరొక కార్యాలయానికి తిరుగుతూనే ఉన్నందున, ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

థర్మల్ కేంద్రాల బూడిదను పూర్తిగా వినియోగించాలన్న 2021 డిసెంబర్ 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ తమకు తెలియనిది కాదు. ఇటుక బట్టీలకో, రోడ్డు పనులకో బూడిద పోవడం మంచిదే. మా గొడవల్లా అది పోయే తీరుతోనే. అంచులు దాటేలా నింపిన లారీలు, చిరిగిన టార్పాలిన్‌ను ఒక మూలకు కట్టి మిగతాదంతా గాలికి వదిలేసి, రాజీవ్ రహదారి మీద పరుగులు తీస్తున్నాయి. వెనుక డోరు సందుల్లోంచి కారిన తడి బూడిద ఎండితే బండి మీద వచ్చేవారి కళ్లలో పడుతుంది, వాన పడితే అదే బండిని జార్చే బురదవుతుంది. కుందనపల్లి, మల్కాపూర్ వైపు ఆరేసిన బట్టలను దులిపితే సరిపోదు, మళ్లీ ఉతకాల్సిందే. అంతర్గాం వైపు రైతు ఏరి తెచ్చిన పత్తిని వ్యాపారి వేళ్ల మధ్య నలిపి చూసి, రంగు లేదని ధర కోస్తాడు. ఆ నష్టాన్ని ఏ పద్దులో రాసుకోవాలో ఏ అధికారీ చెప్పడు.

పెద్దలు వచ్చే రోజున మాత్రం తెల్లవారకముందే ట్యాంకర్ వచ్చి రోడ్డు తడిపిపోతుంది. తమరు రోజూ విచ్చేస్తే ఈ లేఖ అవసరమే ఉండేది కాదు.

1983 నుండి ఇక్కడి భారీ థర్మల్ కేంద్రం కరెంటు ఇస్తున్నది. గనులు బొగ్గు ఇస్తున్నాయి, 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారం స్థానంలో 2021లో మొదలైనది యూరియా ఇస్తున్నది, ఎల్లంపల్లి నీళ్లు హైదరాబాదు దాకా పోతున్నాయి. ఇంత ఇచ్చిన ప్రాంతం అడుగుతున్నది లారీ మీద ఒక కప్పు.

లారీ డ్రైవర్లు మా పిల్లలే. ట్రిప్పుల లెక్కన కూలి వచ్చేవాడికి తాడు బిగించే తీరిక ఎవరిస్తారు? అందువల్ల జరిమానా వాడి మీద కాక, లోడు ఎత్తించిన కాంట్రాక్టరు మీద పడాలి. కాటా వేసి, కప్పు కట్టించి, ఆ తర్వాతే గేటు దాటనివ్వాలని ఆదేశించండి. దయచేసి కప్పించండి. ఈ లేఖను కూడా ‘తగు చర్య నిమిత్తం’ కిందికి పంపవద్దని మనవి.

ఇట్లు,
బూడిద లారీల దారిలో నివసించే ఒక పౌరుడు,
గోదావరిఖని.