చిత్తూరుకూ తిరుపతికీ మధ్య ఒక కప్పు పోటీ కావాలి: క్రీడల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ యువజన, క్రీడల శాఖ మంత్రి గారికి,

చిత్తూరు నుంచి ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది.

ముప్పై ఏళ్లకు పైగా బడి పిల్లల చేత ఫుట్‌బాల్ ఆడించినవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బంతులు కావాలనీ, బూట్లు కావాలనీ, గోలుకు వలలు కావాలనీ అర్జీలు పెట్టుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు అడగబోయేది వస్తువు కాదు. ఊరి పేరు పెట్టుకున్న క్లబ్బులు ఆడే కప్పు పోటీ ఒకదాన్ని మీ శాఖ ఏటా జరిపించాలనీ, దాన్ని మొదట చిత్తూరు, తిరుపతి జట్లతో ప్రారంభించాలనీ నా విన్నపం.

ఈ కోరిక పుట్టింది మన రాష్ట్రంలో కాదు, వేలూరులో. 2023 సెప్టెంబరులో మా బావగారి వైద్యం కోసం అక్కడ వారం రోజులు లాడ్జీలో ఉన్నాను. ఆ ఊరి ఆసుపత్రుల చుట్టూ బెంగాలీలు ఎంతమంది ఉంటారో, దుకాణాల బోర్డులు సైతం వారి లిపిలో ఎందుకు కనిపిస్తాయో మా ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. 3వ తేదీ ఆదివారం సాయంత్రం లాడ్జీ వరండాలో పదిమంది రోగుల బంధువులు ఒక్క ఫోను చుట్టూ చేరారు. దాన్ని స్టీలు చెంబుకు ఆనించి నిలబెట్టారు. కోల్‌కతాలోని సాల్ట్ లేక్ స్టేడియంలో డ్యూరాండ్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్ జరుగుతోంది. ఒకవైపు మోహన్ బగాన్, మరొకవైపు ఈస్ట్ బెంగాల్, రెండూ కోల్‌కతా క్లబ్బులే. 1888లో సిమ్లాలో మొదలైన ఆ కప్పును అప్పటికి రెండు క్లబ్బులూ చెరి పదహారుసార్లు గెలిచి ఉన్నాయి కనుక, ఆ సాయంత్రం పదిహేడోది ఎవరిదన్నదే ప్రశ్న.

62వ నిమిషంలో మోహన్ బగాన్ ఆటగాడు అనిరుధ్ థాపా ఎర్ర కార్డుతో బయటికి వెళ్లాడు. పదిమంది మిగిలిన జట్టు ఓడిపోతుందనే నేను అనుకున్నాను. తొమ్మిది నిమిషాల తరువాత దిమిత్రి పెత్రాతోస్ బంతితో ఒంటరిగా దూసుకుపోయి గోలు కొట్టాడు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఈస్ట్ బెంగాల్ పక్షం, ఆయన పూర్వీకులు తూర్పు బెంగాల్ నుంచి వలస వచ్చినవారు. ఆయన భార్య ఐసీయూలో ఉంది. ఆ గోలు మొదలు చివరి ఈల దాకా ఆయన నోట మాట లేదు. భుజం మీది తువ్వాలును నాలుగు మడతలు పెట్టడం, విప్పడం, మళ్లీ పెట్టడం, అంతే. మోహన్ బగాన్ పక్షపు కుర్రాడు మాత్రం నా దగ్గరికి వచ్చి, ఈ వేళప్పుడు రొయ్యలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులస చేప వండుకోవడం అక్కడి ఆచారమట. రొయ్యలు దొరకలేదు. ఆ రాత్రి ఐసీయూ బయట పెద్దాయన బదులు కాపలా కూర్చున్నది ఆ కుర్రాడే.

ఈ పంతం ఎక్కడిదని తరువాత ఆరా తీశాను. 1920లో జోడాబగాన్ క్లబ్బు తమ ఆటగాడు శైలేశ్ బోస్‌ను మోహన్ బగాన్‌తో మ్యాచుకు తీసుకోలేదట. ఆ అవమానానికి అలిగి క్లబ్బు వదిలి వచ్చిన సురేశ్ చంద్ర చౌధురి మరికొందరితో కలిసి పెట్టిందే ఈస్ట్ బెంగాల్. ఒక ఆటగాణ్ణి పక్కన పెడితే పుట్టిన క్లబ్బు మీద వందేళ్లకు పైగా జనం ప్రాణాలు పెట్టుకుని బతుకుతున్నారు. 1997 జులై 13న ఈ రెండు జట్ల మధ్య ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు వచ్చిన ప్రేక్షకుల సంఖ్య 1,31,781 అని రికార్డుల్లో ఉంది. మా సెలక్షన్లలో ఏటా మంచి ఆటగాళ్లు పక్కకు పోతూనే ఉంటారు. వారికి అలగడానికైనా ఒక క్లబ్బు లేదు.

అదే మన అసలు కొరత. ఇక్కడ ఆటగాళ్లున్నారు, జట్లు లేవు. ఏడాదికి ఒకసారి సెలక్షన్లు పెడతాం. ఎండలో రెండు వందలమంది పిల్లలు నిలబడతారు, సాయంత్రానికి పద్దెనిమిది పేర్లు చదువుతాం, ఆ పద్దెనిమిది మంది ఎక్కడికో వెళ్లి రెండు మూడు మ్యాచులు ఆడి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. మరుసటి వారం ఆ జట్టు లేదు. ఆ సర్టిఫికెట్ విలువను తక్కువ చేయడం లేదు. నా శిష్యులు కొందరు దానితోనే ఉద్యోగాలు సంపాదించారు. కానీ ఆ జట్టు ఓడిపోతే ఊళ్లో ఎవరికీ అన్నం సహించకపోవడం నేను ఒక్కసారీ చూడలేదు.

ఇది మనవల్ల అయ్యే పని కాదని ఎవరైనా అంటే ఒప్పుకోలేను. యుద్ధం, విభజనల వల్ల ఏళ్లపాటు ఆగిపోయిన డ్యూరాండ్ కప్ 1950లో తిరిగి మొదలైనప్పుడు, ఫైనల్లో ఇదే మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు ఎత్తుకున్నది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు కూడా వారిదే. వారిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు (ఈ సంగతి చెప్పుకోవడంలో నాకు కొంత స్వార్థం ఉంది). ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ తరువాత మన దగ్గర ఆట ఎంతగా పలచబడిందంటే, 2023 డిసెంబరులో అప్పటి ప్రభుత్వం ఊరూరా ఆడుదాం ఆంధ్ర పోటీలు పెట్టినప్పుడు క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్‌లకు చోటు దొరికింది, ఫుట్‌బాల్‌కు దొరకలేదు.

చెన్నైని చూడండి, మాకు మూడు నాలుగు గంటల బస్సు ప్రయాణం. అక్కడ క్లబ్బుల లీగు దశాబ్దాలుగా నడుస్తోంది. నేను చెప్పిన ఫైనల్‌కు మూడు వారాల ముందు, 2023 ఆగస్టు 12న, అదే డ్యూరాండ్ కప్ గ్రూపు మ్యాచులో మోహన్ బగాన్ మీద ఈస్ట్ బెంగాల్‌కు విజయం తెచ్చిన ఒకే ఒక్క గోలు చెన్నై కుర్రాడు నందకుమార్ శేఖర్ కొట్టినదే.

చిత్తూరు, తిరుపతిలనే ఎందుకు అడుగుతున్నానంటే, పంతానికి కావలసిన సరుకు ఇక్కడ సిద్ధంగా ఉంది. ఒకే జిల్లాగా ఉన్న కాలంలో కలెక్టరు మా ఊళ్లో, వెంకన్న మీ ఊళ్లో అని ఎకసెక్కాలాడుకున్నవాళ్లం. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది, ఇక వారికి కలెక్టరు కూడా వచ్చాడు. ఆ లోటును మైదానంలో తీర్చుకునే అవకాశం మా పిల్లలకు ఇప్పించండి. ఒక మ్యాచు అక్కడ, ఒక మ్యాచు ఇక్కడ. తరువాత మదనపల్లె, శ్రీకాళహస్తి, పుంగనూరు తమంతట తామే వస్తాయి.

ఖర్చు స్టేడియాల మీద వద్దు. మైదానాలు ఉన్నాయి, వాటిని ఆటకు వదిలిపెట్టడమే కావాలి. నేను ఎక్కువ కాలం పిల్లల్ని ఆడించిన మైదానంలో సభలు జరిగేవి, ఎగ్జిబిషన్లు జరిగేవి. అవి ముగిశాక షామియానా గుంజలు పీకిన గుంతలు అలాగే ఉండేవి. పొద్దున్నే వెళ్లి తట్టతో మట్టి పోసి పూడ్చుకునేవాళ్లం. ఒకసారి గడ్డి కప్పి కనిపించని గుంతలో కాలు పడి, మా లెఫ్ట్ వింగ్ ఆడే కుర్రాడి చీలమండ విరిగింది. పదో తరగతి పిల్లవాడు, ఆ తరువాత మళ్లీ ఆడలేదు. మైదానం నడిమధ్యన క్రికెట్ కోసం వేసిన సిమెంటు పిచ్ మీద బంతి పడితే ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. పోటీ తేదీలు ముందే ప్రకటించి, ఆ ఆరు వారాలు ఆ మైదానాన్ని మరే పనికీ ఇవ్వకూడదన్న ఉత్తర్వు ఒక్కటి చాలు, సగం పని అయినట్టే.

తేదీల విషయంలో ఒక మనవి. జూన్, జులై నెలల్లో తోతాపురి మామిడి కోతలు, లోడింగు పనుల్లో మా కుర్రాళ్లు చాలామంది ఉంటారు. ఆ తరువాత కాణిపాకం, తిరుమల బ్రహ్మోత్సవాలకు పోలీసులంతా అక్కడే. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానలు. కనుక సంక్రాంతి వెళ్లిన వారం మొదలుపెట్టి, ఇంటర్ పరీక్షల లోపల ముగించాలి.

జనం వస్తే అదుపు ఎలా అన్న సందేహం మీ అధికారులకు వస్తుంది, రావాలి కూడా. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు క్లబ్బుల మ్యాచు నాడు గొడవ చెలరేగి, తొక్కిసలాటలో పదహారు మంది చనిపోయారు. జనం గుమిగూడితే ఏమవుతుందో 2025 జనవరి 8 రాత్రి తిరుపతి కూడా చూసింది. వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవారిలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. అందువల్ల రెండు పక్షాలకు వేర్వేరు గేట్లు, మైదానం పట్టే లెక్కకు మించకుండా టిక్కెట్లు, బయటికి పోయే దారికి తాళం వేయకపోవడం మొదటి మ్యాచు నుంచే నియమం కావాలి, ప్రేక్షకులు రెండు వందలమందే అయినా సరే. అంతమాత్రాన పంతాన్ని పగగా చూసి భయపడవద్దని నా మనవి. 2024 ఆగస్టు 18న జరగవలసిన డ్యూరాండ్ మ్యాచును భద్రతా కారణాలతో రద్దు చేసినప్పుడు, కోల్‌కతాలో ఒక వైద్యురాలి మీద జరిగిన ఘోరానికి న్యాయం కోరుతూ రెండు క్లబ్బుల అభిమానులు కలిసే స్టేడియం బయట నిలబడ్డారు.

తమరు ఆమోదిస్తే చిత్తూరు జట్టుకు పిల్లల్ని పోగుచేసే పని నాకు వదిలిపెట్టండి. నా పాత శిష్యుల్లో ఇద్దరు రిఫరీలుగా వస్తామన్నారు, కానీ ఇద్దరూ చిత్తూరు వాళ్లే కనుక తిరుపతి వారు ఒప్పుకోరు. రిఫరీలను మాత్రం కడప నుంచి పంపించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
చిత్తూరు.