పాత కారుకు రంగు కన్నా ముందు బ్రేకు చూడాలి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. పాత కార్లను బాగుచేయించి మళ్లీ రోడ్డెక్కించే ముచ్చట హైదరాబాదు దాటి మన నల్లగొండ, పాలమూరు పట్టణాల దాకా వచ్చింది. సంతోషించదగిన విషయమే. కానీ ఈ బండ్ల దగ్గర నలుగురు చేరినప్పుడు రంగు గురించీ, సీట్ల గురించీ, మెరుగు పెట్టిన బంపర్ల గురించీ సాగినంత మాట బ్రేకుల గురించి గానీ, చక్రాలను బండికి పట్టి ఉంచే సస్పెన్షన్ గురించి గానీ సాగదు. నా దగ్గరున్న 1968 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ వల్ల నాకు కలిగిన అనుభవాన్నీ, దాన్ని విప్పి మళ్లీ కట్టించడంలో తెలుసుకున్న సంగతులనూ మీ పాఠకుల ముందు, ముఖ్యంగా షెడ్లు నడిపే ఉస్తాదుల ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఈ కారును 1961 నుంచి మద్రాసులో తయారు చేశారు. దీనికి మూలం ఇంగ్లండులోని ట్రయంఫ్ హెరాల్డ్. దాని రూపాన్ని గీసినవారు ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి. ఇదే హెరాల్డ్ ఛాసిస్‌ను, అంటే అడుగు చట్రాన్ని, కురచ చేసి, 1962లో ట్రయంఫ్ వారు స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును తెచ్చారు. అందువల్ల నేను చెప్పబోయే మాటల్లో ఎక్కువ భాగం స్పిట్‌ఫైర్ ఉన్నవారికి కూడా వర్తిస్తుంది. స్పిట్‌ఫైర్‌కు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులుంటాయి, నా బండికి నాలుగింటికీ డ్రమ్ము బ్రేకులే.

రెండేళ్ల కిందట కార్తీక మాసంలో, నా భార్యనూ మనవణ్నీ ఎక్కించుకొని దేవరకొండ, డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం బయలుదేరాను. అప్పటికి ఆరు నెలల ముందే బండికి కొత్త రంగు వేయించాను. బ్రేకులను ఒక షెడ్డులో చూపించి, ‘అంతా బాగుంది’ అనిపించుకున్నాను. దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగే మలుపుల్లో, మొదట పెడల్ గట్టిగానే ఉన్నా బండి ఆగడానికి బద్ధకించింది. మరి రెండు మలుపులు తిరిగేసరికి పెడల్ మెత్తబడింది. ఆ తరువాతి మలుపులో నా కాలి కింద ఏమీ లేనట్టు నేలకు తగిలింది. రెండో గేరులోకి మార్చి, హ్యాండ్ బ్రేకు లాగి, లోయ వైపు కాకుండా కొండ వైపు మట్టిగట్టుకు ఒరిపించి ఆపగలిగాను. మనవడి నుదుటికి చిన్న గాయమైంది. మాకు ఇంకేమీ కాలేదు. అరగంట చల్లారాక తొక్కి చూస్తే పెడల్ మళ్లీ మామూలుగా గట్టిపడింది! అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మరునాడు ఏ మెకానిక్‌కు చూపించినా ఆ బ్రేకులో లోపం కనబడదు.

జరిగింది ఏమిటో వివరంగా చెప్పాలి. వేయి కిలోల బరువున్న బండి వంద మీటర్ల ఎత్తు నుంచి దిగివస్తే, ఇంజను ఆపిన వంతు పోగా మిగిలిన శక్తి అంతా బ్రేకుల్లో వేడిగా మారాలి. ఇంజను వంతు కూడా కలిపితే ఆ శక్తి దాదాపు 10 లక్షల జౌళ్లు. మూడు లీటర్ల చన్నీళ్లను మరిగే స్థితికి తెచ్చే వేడి అది. ఘాట్ రోడ్డులో దిగే ఎత్తు వంద మీటర్లతో సరిపోదు. ఆ వేడికి మొదట లైనింగు, అంటే డ్రమ్ముకు ఒరుసుకొని చక్రాన్ని ఆపే పొర, పట్టు సడలుతుంది. పెడల్ గట్టిగా ఉన్నా బండి ఆగకపోవడం ఆ దశ. ఆ పైన వేడి చక్రాల దగ్గరుండే వీల్ సిలిండర్లలోకి పాకి, లోపలి ద్రవం మరిగి ఆవిరవుతుంది. ద్రవం నొక్కుకుపోదు కాబట్టే కాలి బలం చక్రం దాకా చేరుతుంది, ఆవిరి మాత్రం నొక్కుకుపోతుంది. అందుకే పెడల్ నేలకు దిగిపోయింది. పైగా ఆ కాలపు బండ్లలో, పెడల్ తొక్కితే ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాలకూ ఒకే వరుస. ఒక్కచోట తప్పితే నాలుగు చోట్లా తప్పినట్టే.

మనం ‘బ్రేక్ ఆయిల్’ అని పిలిచేది నిజానికి నూనె కాదు. మామూలుగా వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ జాతి రసాయనాలు. అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, కానీ నూటికి మూడున్నర పాళ్లకు పైగా నీరు చేరితే ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4కి ఈ అంకెలు 230, 155. నా బండిలో ఉన్న ద్రవాన్ని గాజు గ్లాసులోకి దించి చూస్తే టీ డికాషన్ రంగులో, అడుగున నల్లటి మడ్డితో కనబడింది. అది ఎన్నేళ్ల నాటిదో చెప్పగలవారు లేరు. రెండేళ్లకొకసారి మార్చవలసిన వస్తువు అది.

ఆ ‘ఆయిల్’ అనే మాట వల్ల ఇంకో నష్టం కూడా జరుగుతోంది. నేను బండి చూపించిన మరొక చోట ఒక కుర్రవాడు ఇంజను నూనె డబ్బా తెచ్చి మాస్టర్ సిలిండర్‌లో పోయబోయాడు. వద్దని చేయి పట్టుకుంటే, ‘సార్, నూనె ఏదైతేంది, బండి ఆగుతది గదా’ అన్నాడు. అతన్ని తప్పుపట్టలేను, ఎందుకంటే అతనికి ఎవరూ చెప్పలేదు. ఇంజను నూనె గానీ, గేరు నూనె గానీ, కిరసనాయిలు గానీ ఒక్క చెంచాడు పడినా బ్రేకు రబ్బర్లు ఉబ్బి మెత్తబడతాయి, పిస్టన్లు బిగుసుకుపోతాయి, మాస్టర్ సిలిండర్‌లో ద్రవం వెనక్కి వచ్చే సన్నటి రంధ్రం మూసుకుపోతుంది. అప్పుడు బ్రేకు పట్టుకొని వదలదు. ఒకసారి అలా జరిగితే గొట్టాలన్నీ స్పిరిటుతో కడిగి, ఉన్న ప్రతి రబ్బరునూ మార్చడం తప్ప దారి లేదు.

శ్రీశైలం నుంచి బండిని లారీ మీద తెప్పించాక, మొత్తం విప్పించాలని నిశ్చయించుకున్నాను. హెరాల్డ్‌లో ఒక సౌకర్యం ఉంది. బానెట్, ముందు మడ్‌గార్డులు ఒకే ముక్కగా ముందుకు వాలిపోతాయి. అప్పుడు ముందు టైరు మీద కూర్చొని, సస్పెన్షన్‌ను కళ్లెదుట పెట్టుకొని పని చేయవచ్చు. మా ఊరి గడియారం సెంటరుకు కొద్ది దూరంలో షెడ్డు నడిపే పెద్ద వయసు ఉస్తాదు గారు ఈ పని ఒప్పుకున్నారు. ముందు కుడి చక్రం నిలువు కడ్డీని, అంటే చక్రాన్ని మోసే ప్రధానమైన ఇనుప భాగాన్ని, కింది ఇత్తడి దిమ్మె నుంచి మర తిప్పి బయటకు తీశాక, మర చుట్ల మొదట్లో వెంట్రుక మందాన ఒక చీలిక కనబడింది. ఉస్తాదు గారు వేలిగోటితో దాన్ని తడిమి, కాసేపు ఏమీ మాట్లాడకుండా నా చేతిలో పెట్టారు. బ్రేకులు పోయి మా ప్రయాణం అక్కడ ఆగి ఉండకపోతే ఆ ఘాట్‌లోనే, లేదా మరికొన్నాళ్లకు, ఆ కడ్డీ విరిగి చక్రం బండి కిందికి ముడుచుకుపోయేది.

దానికి కారణం గ్రీజు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ కడ్డీ ఇత్తడి దిమ్మెలో మర మీద తిరుగుతుంది. దానికి పెట్టవలసింది చిక్కటి గేరు నూనె, 90 నంబరుది. ఆ నూనె చుట్లన్నింటిలోకీ జారుతుంది. గ్రీజు పైనే గడ్డకట్టి లోపలికి దిగదు, వాన నీరు మాత్రం దిగుతుంది, తుప్పు మొదలవుతుంది. గ్రీజు ఎక్కించే మూతి (నిప్పుల్) లాంటిది అక్కడ కనబడగానే ఎవరి చేయైనా గ్రీజు గన్ను మీదికే పోతుంది. ఏళ్ల తరబడి నా బండికి అదే జరిగింది. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఎడమ వైపు దిమ్మె మర ఎడమకు, కుడి వైపుది కుడికి తిరుగుతుంది, కాబట్టి తీసినవాటిని వెంటనే గుర్తు పెట్టుకోవాలి.

సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల (తొడుగుల) విషయంలో మన షెడ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఏమిటంటే, బండి జాకీ మీద ఉండగానే బోల్టులన్నీ బిగించేయడం. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండిని కిందికి దించగానే రబ్బరు మెలిపడి కొన్ని నెలల్లోనే చినిగిపోతుంది. చక్రాలు నేల మీద ఆని, బండి తన బరువు మీద తాను నిలబడ్డాకే ఆఖరి బిగింపు వేయాలి. ముందు కాయిల్ స్ప్రింగులను కూడా తాడుతోనో ఇనుప తీగతోనో కట్టి విప్పవద్దని నా మనవి. అణిగి ఉన్న స్ప్రింగు జారితే మనిషి దవడ విరుగుతుంది, దానికి ప్రత్యేకమైన బిగింపు పరికరం ఉంది, దాన్నే వాడాలి.

వెనుక వైపు అడ్డంగా ఒకే కమాను కట్ట (ఉక్కు పట్టీల స్ప్రింగు) ఉంటుంది. రెండు సగం ఇరుసులు బండి నడుమనున్న కీళ్ల నుంచి ఊగుతాయి, వాటి బయటి కొసలను ఆ కమాను కొసలు పట్టుకుంటాయి. మా కమాను కుంగిపోయింది. లారీలకు అలవాటు పడిన కమాను పనివారు, ఒక పట్టీ ఎక్కువ వేసి ఎత్తిద్దామన్నారు. లారీకి అది సరైన సలహాయే. ఈ బండికి మాత్రం వెనుక భాగం ఎత్తైన కొద్దీ చక్రాల అడుగు లోపలికి పోతుంది. మలుపులో హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు బయటి చక్రం ముడుచుకొని బండి బోల్తాపడే అవకాశం పెరుగుతుంది. అందుకే పట్టీలను పాత వంపుకే తెప్పించి, పట్టీ ఎక్కించకుండానే కట్టించాము.

ఇక బ్రేకుల పని. వీల్ సిలిండర్ల లోపల గుంతలు పడ్డాయి. అలాంటి వాటిలో కొత్త రబ్బర్లు వేసినా నెల తిరగకుండా కారతాయి. రెండింటికి లేత్ మీద లోపల స్టీలు గొట్టం దిగగొట్టించాము, రెండింటిని మార్చాము. గొట్టాల విషయంలో నేను పట్టు విడవలేదు. ఏసీలకు వాడే మెత్తటి రాగి గొట్టం చవక, వంచడానికి తేలిక, అందుకని చాలామంది వేస్తున్నారు. బండి అదురుకు రాగి క్రమంగా పెళుసెక్కి, బిగింపు దగ్గర చీలుతుంది. స్టీలు గొట్టమో, రాగి నికెల్ మిశ్రమంతో బ్రేకుల కోసమే చేసిన గొట్టమో వేయాలి, కొసలను సరైన పరికరంతోనే విప్పార్చాలి. నా బండిలో బ్రేకు గొట్టాల్లో చిక్కిన గాలి తీయడానికే ఒక పూట పట్టింది. మాస్టర్ సిలిండర్‌కు అన్నింటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి, బుడగ ఒక్కటి కూడా రానంత వరకు తీశాము. తీసిన ద్రవాన్ని మళ్లీ డబ్బాలో పోయలేదు. రంగు మీద ఒక్క చుక్క పడినా వెంటనే నీళ్లతో కడిగాము, ఎందుకంటే అది రంగును లేపేస్తుంది.

ఈ పనిలో నన్ను అన్నింటికన్నా బాధపెట్టింది బండికి సంబంధించిన విషయం కాదు. ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ (రాతినార) ఉంటుంది. డ్రమ్ము ఊడదీయగానే లోపలి నల్లటి ధూళిని గాలి గొట్టంతో ఊదడం మన షెడ్లలో రోజూ చేసే పని. సాధారణంగా ఆ పని చేసేది అందరికన్నా చిన్నవాడు. ఆ నూలుపోగుల్లాంటి కణాలు ఊపిరితిత్తుల్లో దిగితే బయటకు రావు. ఊపిరితిత్తుల క్యాన్సరుకూ, వాటి పైపొరకు వచ్చే క్యాన్సరుకూ అవి కారణమని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. జబ్బు బయటపడడానికి దశాబ్దాలు పట్టవచ్చు. ఇరవై ఏళ్ల వయసులో ఊదిన ధూళి యాభై దాటాక ఆయువు తీయవచ్చు. ధూళిని ముందు నీళ్లతో తడిపి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయడానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు. నా బండికి ఆస్బెస్టాస్ లేని లైనింగు వేయించాను. అది కూడా దొరుకుతుంది, అడగాలి.

కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో పాత వాహనాల కోసం ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. రోజువారీ వాడకం కుదరదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, ఇంధనం కోసం, మరమ్మతుల కోసం రోడ్డెక్కవచ్చు. వారసత్వాన్ని కాపాడే మంచి నియమాలివి. అయితే ప్రదర్శనకు వెళ్లే దారి కూడా అందరూ నడిచే దారే. అందువల్ల ఇలాంటి వాహనాన్ని పరిశీలించే అధికారులు ఛాసిస్ నంబరుతో పాటు చక్రాలు కూడా ఊడదీయించి చూడాలనీ, నాలుగు చక్రాల బ్రేకు బలాన్ని విడివిడిగా కొలిపించాలనీ, గొట్టాలు, రబ్బర్లు, ద్రవం ఎప్పుడు మార్చారో యజమాని చేత రాయించుకోవాలనీ కోరుతున్నాను. ర్యాలీలు జరిపేవారు కూడా ఆ కాగితం చూడకుండా ఏ బండినీ వరుసలో నిలపకూడదు.

మా ఉస్తాదు గారికి ఇప్పుడు డెబ్బై దాటాయి. డ్రమ్ము బ్రేకును చెవితో విని సరిచేయగలరు. షూ డ్రమ్మును తాకేదాకా నలుపలకల బోల్టు బిగించి, ఒక్క గీత వెనక్కి తిప్పి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఆ రాపిడి శబ్దంతోనే చెబుతారు. ఆ విద్య ఆయనతో ముగిసిపోకూడదు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఐటీఐలలో మోటారు మెకానిక్ పిల్లలకు ఇటువంటి ఉస్తాదుల చేత ఏడాదికి కొన్ని రోజులైనా పాఠం చెప్పించి, అందుకు తగిన పారితోషికం ఇవ్వాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను. చీలిన ఆ నిలువు కడ్డీ, గుంతలు పడిన రెండు వీల్ సిలిండర్లు, సీసాలో పోసి ఉంచిన ఆ పాత ద్రవం నా దగ్గర భద్రంగా ఉన్నాయి. పాఠానికి పనికొస్తాయంటే ఏ ఐటీఐకైనా నేనే తీసుకొచ్చి ఇస్తాను.

భవదీయుడు,
ఒక పాత కారు యజమాని,
నల్లగొండ